పారి మామ్మకు ముల్లు ఎంత ఎక్కింది

సోమవారం. పగటి షిఫ్టు. ముల్లు యాభై.

కొత్త పుస్తకం. కొత్త పుస్తకం తెరిచినవాళ్ళు మొదటి పేజీలో మిషను సంగతి రాయాలని మా సీనియరు దాలినాయుడు పెట్టిన రూలు. తరవాత వచ్చేవాడికి తెలియాలి కదా అంటాడు. పాత పుస్తకం చివరి పేజీకి వచ్చిన రోజు మాత్రం ఆయనకు తప్పకుండా జ్వరం వస్తుంది. అందుకని నేనే రాస్తున్నాను. పేరు సూరీడమ్మ, ఊరు మెట్టవలస, చదువు పదో తరగతి.

వంపేరు నదికి జోడుకొండ దగ్గర అడ్డంగా కట్ట ఉంది. కట్ట వెనక నీళ్ళు నిలుస్తాయి. ఆ నీళ్ళు మనిషి నిలబడి నడవగలిగినంత గొట్టంలోంచి కొండ దిగి పవర్ హౌసులో చక్రం మీద పడతాయి. చక్రం తిరిగితే దాని మీది షాఫ్టు తిరుగుతుంది. షాఫ్టుకు బిగించిన అయస్కాంతాలు తీగచుట్ల మధ్య తిరుగుతాయి. కరెంటు పుడుతుంది. పనైపోయిన నీళ్ళు కింద నుంచి మళ్ళీ ఏట్లో కలుస్తాయి. ఇంతే. దీనికి అప్పట్లో అంతమంది ఇంజనీర్లు, అన్ని క్వార్టర్లు ఎందుకో తెలియదు.

మిషన్లు మూడు ఉండేవి. పల్లపు ఊళ్ళవాళ్ళు ఎవరి కప్పు మీద వాళ్ళు ఎండ పలకలు వేసుకున్నాక మా కరెంటు కొనేవాడు లేక కంపెనీ లైను ఎత్తేసింది. రెండు మిషన్లు విప్పి పట్టుకుపోయారు. తమ లైట్ల కోసం నడుపుకుంటున్న మూడోదాన్ని చివర విప్పుదామనుకున్నారు. ఈలోగా క్రేను విరిగింది. అలా అది మాకు మిగిలింది. జనం దాన్ని మూడమ్మ అంటారు.

చక్రానికి ఎన్ని నీళ్ళు వదలాలో చూసేది గవర్నరు బీరువా. కంపెనీవాళ్ళు పోతూ పోతూ దానికి అంకెల తాళం వేశారు. అప్పటినుంచి నీళ్ళు వదిలే రెక్కలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. మిషను తిరుగుతున్నంతకాలం బీరువా అడ్డు చెప్పదు. ఒకసారి ఆగిందంటే మళ్ళీ మొదలుపెట్టనివ్వదు.

కాబట్టి మూడమ్మ ఎప్పుడూ ఒకే లెక్కన వడ్డిస్తుంది. చాలు అంటే వినదు. వడ్డించింది చుట్టుపక్కల ఐదూళ్ళూ కలిసి తినాలి. దాన్నే మేం బరువు అంటాం. ఎక్కువ తింటే చక్రం నీరసపడి, దాని వేగం చూపించే ముల్లు యాభై కిందికి వస్తుంది. తక్కువ తింటే చక్రానికి పొగరెక్కి ముల్లు పైకి పోతుంది. యాభై ఎనిమిది దాటితే ఒక ఇనుప దిమ్మ దానంతట అదే పడి గొట్టం వాల్వు మూసేస్తుంది. ఆ దిమ్మ పడితే అయిపోయినట్టే. మా మెట్టవలసకు తాగేనీళ్ళు పంపు మీద ఎక్కుతాయి. పంపు ఆగితే ఊరంతా మూటలు కట్టుకుని కిందికి దిగాలి. కింద ఖాళీ జాగా లేదు. ఉన్నవాళ్ళకు మా మీద ప్రేమా లేదు.

బీరువా ఈ ఉదయం కూడా యథాప్రకారం మాట్లాడింది. "మీ లైసెన్సు గడువు ముగిసింది. దయచేసి కంపెనీని సంప్రదించండి." ఆడగొంతు. చాలా మర్యాదగా ఉంటుంది. కంపెనీ ఎక్కడుందో అది చెప్పదు.

రాత్రి వానకు కొట్టుకొచ్చి కట్ట దగ్గర చెత్త జాలికి ఒక ప్లాస్టిక్ కుర్చీ తగులుకుంటే కొక్కెంతో లాగాను. నాలుగు కాళ్ళూ బాగున్నాయి. షిఫ్టు రూములో వేసుకున్నాను.

మంగళవారం. ముల్లు యాభై.

వాన. ఎండాకాలం పొలాల మోటార్లు తినేంత బరువు వానల్లో ఎవరూ తినరు. పైగా కట్ట వెనక నీళ్ళు పెరిగేకొద్దీ గొట్టంలో తోపు పెరిగి మూడమ్మ ఇంకో గరిటె ఎక్కువ వడ్డిస్తుంది. తినేవాళ్ళు తగ్గినప్పుడే వడ్డన పెరగడం ఎవరి ఇంట్లో అయినా గొడవే.

ఎవరెంత బరువు తినాలో చెప్పే బరువుల పెద్ద రామినాయుడు, ఐదూళ్ళకూ వినబడే పవర్ హౌసు మైకులో మాట్లాడి వానాకాలం వంతులు పంచాడు. ఐసు దిమ్మలు చేసే మంచు మిల్లు పగలంతా నడవాలి. వీధి దీపాలు పగలు కూడా వెలగాలి. గానుగ దగ్గర గింజలు లేకపోతే ఖాళీగా తిప్పాలి. ప్రతి ఇంటి కాయిల్ పొయ్యీ పొద్దుటి పూట ఇంత సేపు, సాయంత్రం ఇంత సేపు వెలిగి తీరాలి. చెప్పకుండా బరువు దించేసినవాళ్ళు ఐదూళ్ళ బట్టలన్నీ రెండు ఇస్త్రీ పెట్టెలతో ఇస్త్రీ చెయ్యాలి. పోయిన ఏడాది ఈ దండుగ రామినాయుడి బావమరిదికే పడింది. అతను చొక్కాలన్నిటికీ వీపు మీద తిరగేసిన మడత వేశాడు. ఐదూళ్ళ మగవాళ్ళూ సీజనంతా ఆ మడతతోనే తిరిగారు.

గురువారం. ముల్లు యాభై మూడు ఎక్కి దిగింది.

గెడ్డవలసలో భజన గురువు సూర్రావు పోయాడు. పెద్ద మనిషి. శ్రుతి పెట్టె లేకుండా మూడమ్మ హోరుకే గొంతు కలిపి పాడేవాడు. ముల్లు ఎక్కితే ఆయన కీర్తన కూడా ఎక్కేది.

ఊళ్ళో శవం లేచేదాకా ఎవరూ పొయ్యి వెలిగించరు. ఆచారం. గెడ్డవలస పొయ్యిలన్నీ ఒక్కసారి ఆరాయి. ఫ్యాన్లు ఈల వేశాయి. శవం ముందు భజన పాడినవాళ్ళకు శ్రుతి మరీ ఎక్కువై గొంతులు చీరుకుపోయాయట. శవానికి స్నానం నీళ్ళు మాత్రం వీధిలో మూడు రాళ్ళు పెట్టి కట్టెలతో కాచారు. అది ఇంటి పొయ్యి లెక్కలోకి రాదు. మేం మెట్టవలస పంపులు రెండూ వేసి, మంచు మిల్లును బతిమాలి, ముల్లును కిందికి దించాం.

సాయంత్రం సూర్రావు పెద్దకొడుకు తలస్నానం చేసిన తడి జుట్టుతో పవర్ హౌసుకు వచ్చాడు. ముల్లు ఎంత ఎక్కిందని అడిగాడు. ఇదొక మాయరోగం. ఎప్పుడు మొదలైందో తెలియదుగానీ ఇప్పుడు ఎవరు పోయినా ఇంటివాళ్ళు వచ్చి ఇదే అడుగుతారు. ముల్లు ఎంత ఎక్కితే అంత పెద్ద చావు. యాభై మూడు అని చెప్పాను. అతను కళ్ళు తుడుచుకుని, మునసబు గారికి యాభై రెండున్నరే కదా అన్నాడు. అవునన్నాను. కొంచెం తేలికపడి వెళ్ళాడు.

శనివారం. ముల్లు యాభై ఒకటి.

పారి మామ్మ పడిపోయింది. గెడ్డవలసలో తన ఇంటి గడప దాటుతూ జారిందట. తుంటి విరిగింది. వయసు ఆమెకే తెలియదు.

ఈమె మంత్రసాని. ఐదూళ్ళలో ఆమె చేతిలో పడనివాడు లేడు. మనుషుల పేర్లు ఆమెకు అక్కర్లేదు. ఎలా పుట్టారో అదే పేరు. నేను కాళ్ళతో వచ్చాను కాబట్టి కాళ్ళది. రామినాయుడు పుట్టినప్పుడు ఎంత కొట్టినా ఏడవలేదట. ఆయన బరువుల పెద్ద అయినా, పంచాయతీలో తలపాగా చుట్టుకుని కూర్చున్నా, ఆమెకు ఏడవనోడే.

ఏ ఇంటికి పురుడు పొయ్యడానికి వెళ్ళినా గడపలో అడుగుపెడుతూనే మొదటి మాట, నీళ్ళు కాగబెట్టండి. ఎన్ని నీళ్ళు అంటే, ఇంట్లో ఎన్ని గిన్నెలుంటే అన్ని. అన్ని నీళ్ళు ఎందుకని నేను ఒకసారి అడిగాను. సగం నీళ్ళు బిడ్డకు, సగం నీళ్ళు మగాళ్ళను గది బయట ఉంచడానికి అంది. ఐదూళ్ళలో ఎక్కడ పురుడు జరిగినా ఇక్కడ ముల్లు ఒక వెంట్రుక కిందికి దిగుతుంది. దాన్ని చూసే మేం పుట్టుకలు తెలుసుకుంటాం.

సాయంత్రం మా సీనియరు దాలి మావ షాఫ్టుకు నూనె పెట్టి డబ్బా కింద దించాడు. తరవాత అన్నాడు, "సూర్రావుకి ఒక్కూరి పొయ్యిలే ఆరినాయి. ముసల్దానికి ఐదూళ్ళవీ ఆరతాయి."

నేను కాగితం మీద లెక్క కట్టాను. పొద్దుటి పూట బరువులో సగం పొయ్యిలే. పంపులు, మిల్లు, దీపాలు, గానుగలు అన్నీ కలిపినా ఆ సగం నిండదు. ముల్లు యాభై ఎనిమిది దగ్గర ఆగడానికి ఒక్క కారణం కూడా దొరకలేదు. కాగితం మావకు చూపించాను. ఆయన దాంతో చేతి నూనె తుడుచుకున్నాడు.

ఆదివారం. ముల్లు యాభై ఒకటి.

కట్ట మీద మీటింగు. ఐదూళ్ళ పెద్దలు గొడుగులు వేసుకుని వచ్చారు. రామినాయుడు అధ్యక్షత. ఇంకా చనిపోని మనిషి చావు గురించి మాట్లాడుతున్నాం కాబట్టి మొదట్లో అందరూ గొంతు తగ్గించారు. కాసేపట్లోనే మామూలుగా అరుచుకున్నారు.

మా ఊరి కుర్రవాళ్ళు ఆచారం ఒక్కరోజు పక్కన పెడదామన్నారు. గెడ్డవలసవాళ్ళు, మీ నీళ్ళ కోసం మా ఆచారమా అన్నారు. పొయ్యి మీద ఏమీ పెట్టకుండా ఖాళీగా వెలిగిస్తే తప్పేమిటని ఎవరో అడిగారు. దానికి ఒక ముసలావిడ, చావురోజు ఇంట్లో ఖాళీ పొయ్యి వెలిగిందంటే ఆ ఇంటికి ఇంకో చావును పిలిచినట్టేనంది. అప్పటిదాకా ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఇప్పుడు అందరికీ తెలిసింది. దాంతో ఆ దారీ మూసుకుపోయింది.

రామినాయుడికి ఒక ఉపాయం తట్టింది. చావు కబురు వంతులవారీగా చెప్పాలట. మొదటిరోజు గెడ్డవలసకు, రెండోరోజు మెట్టవలసకు, అలా. ఏ రోజూ ఒక ఊరి పొయ్యిలకన్నా ఎక్కువ ఆరవు. ఆయన వంతుల పట్టిక కూడా రాసుకొచ్చాడు. అందరూ తలలు ఊపారు.

దాలి మావ ఒక్కడే ఊపలేదు. "బాగుంది నాయుడు బావూ. మరి ముసల్దాని పెద్దకోడలి నోటికి ఏటి కడతావు? అది ఏడిత్తే మెట్టవలసకి మైకెందుకు?"

పెద్దకోడలి గొంతు తెలిసినవాళ్ళే అందరూ. రామినాయుడు పట్టిక మడిచి జేబులో పెట్టుకున్నాడు.

చివరికి తేలింది ఒక్కటే. పారి మామ్మే తన నోటితో పొయ్యిలు ఆర్పొద్దని చెబితే తప్పు ఉండదు. ఎవరు వెళ్ళి అడగాలి? చావబోయే మనిషి దగ్గరికి వెళ్ళి, నీ చావుకు మేం వండుకు తింటాం, ఒప్పుకో అని అడగాలి. బరువుల పెద్ద వెళ్ళాలన్నారు. ఆయనకు వెంటనే దగ్గు వచ్చింది. ఆడది వెళ్తే బాగుంటుందన్నాడు. అందరూ నావైపు చూశారు.

సోమవారం. షిఫ్టు మావకు అప్పజెప్పి గెడ్డవలస వెళ్ళాను.

మంచం మీద ఉంది. మనిషి పిడికెడయింది. నోరు మాత్రం తగ్గలేదు.

"ఏటే కాళ్ళదానా. నా సావు సూడ్డానికొచ్చినావా, ఆపడానికొచ్చినావా?"

చూడ్డానికి రాలేదని చెప్పాను. వాన గురించి కాసేపు మాట్లాడాను. ఆమె వాన గురించి వినలేదు.

"సూర్రావుకి ఎంతెక్కింది?"

"యాభై మూడు."

"తాళం తప్పేవోడు. ఆడికి యాభై మూడా." తల నా వైపు తిప్పింది. "మరి నాకెంతెక్కుద్ది?"

లెక్క కట్టామని చెప్పాను. "నీకెక్కితే దిమ్మ పడిపోద్ది మామ్మా. ఆ తరవాత ఎవురికీ ఎక్కడానికి ముల్లే ఉండదు."

ఆమె ముఖం వెలిగిపోయింది. పెద్దకోడల్ని పిలిచి గంజి తెమ్మంది. రెండు రోజులుగా ఏమీ తినలేదట. గిన్నెడు గంజి తాగింది. కోడలు నన్ను దేవతను చూసినట్టు చూసింది.

అప్పుడు అసలు సంగతి అడిగాను. దిమ్మ పడితే మెట్టవలసకు నీళ్ళుండవని, పొయ్యిలు ఆర్పొద్దని నువ్వొక్క మాట చెప్పాలని. ఆమె గిన్నె పక్కన పెట్టింది.

"సెప్పను. ఐదూళ్ళోళ్ళకీ బొడ్డు కోసినాను. గెడ్డ పొంగితే తాడట్టుకుని దాటెల్లినాను. పురిటింటోళ్ళు కూడెడతారని ఎదురు సూళ్ళేదు. మీరొక్క పూట నా కోసం కడుపు మాడ్సుకోలేరేటి?"

న్యాయంగానే అడిగింది. మా ఊరి నీళ్ళూ న్యాయమే. రెండు న్యాయాలు ఎదురుపడితే ఏం చెయ్యాలో పదో తరగతిలో చెప్పలేదు.

లేచి వస్తుంటే ఆపింది. మిషను ఆగితే మళ్ళీ ఎందుకు తిరగదని అడిగింది. చెప్పాను.

"పురుడు లాంటిదే అన్నమాట. మొదలయ్యాక ఆపడానికి నేదు."

"నేదు మామ్మా."

"మరి అడ్డం తిరిగితే ఏటి సేత్తారు మీరు?"

ఏమీ చెయ్యలేమని, చూస్తూ ఉంటామని చెప్పాను.

"సూత్తే బిడ్డ రాదే గుంటా," అని అటు తిరిగి పడుకుంది.

బుధవారం. ముల్లు యాభై ఒకటిన్నర.

కట్ట వెనక నీళ్ళు అంచుకు వచ్చాయి. పొర్లుగట్టు మీంచి దాటి పోతున్నాయి. గానుగలన్నీ ఖాళీగా తిరుగుతున్నాయి. మంచు మిల్లులో దిమ్మలు పెట్టడానికి చోటు లేక ఏట్లో పడేస్తున్నారు. కింద చేపలు పట్టేవాళ్ళు వలలో మంచు పడుతోందని ఫిర్యాదు చేశారు.

దాలి మావ ఒక మోకు తెచ్చి వాల్వు దిమ్మ పక్కన పెట్టుకున్నాడు. అవసరమైతే దిమ్మను పడకుండా కట్టేస్తాడట. అప్పుడు చక్రం ఎంత వేగం ఎక్కితే అంత ఎక్కి, షాఫ్టు విరిగి, కప్పు లేచిపోతుంది. ఆ మాటే అన్నాను. కప్పు ఎలాగూ కారుతోంది కదా అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. మోకు మాత్రం కొత్తది.

శుక్రవారం.

పొద్దుట వాన తెరిపి ఇచ్చింది. ఐదూళ్ళలోనూ వంట వేళ. ముల్లు కూడా బుద్ధిగా యాభైకి దిగింది. బీరువా కంపెనీని సంప్రదించమని చెప్పి ఇంకా నోరు మూయలేదు, కింద గెడ్డవలస వైపు నుంచి పెద్దకోడలి ఏడుపు వినిపించింది. మైకు అక్కర్లేదన్న మావ మాట నిజమే.

ముందు గెడ్డవలస పొయ్యిలు ఆరాయి. ముల్లు యాభై రెండు. తరవాత పక్క ఊరు. ఏడుపు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతున్నది నేను చెవులతో వినలేదు, ముల్లు మీద చూశాను. యాభై మూడు. పంపులు వేశాను. యాభై మూడు మీదే ఆగి, మా మెట్టవలస పొయ్యిలు కూడా ఆరేసరికి మళ్ళీ కదిలింది. మిషను ఆగితే నీళ్ళు లేకుండా పోయేది మా ఊరికే. అయినా మా ఊళ్ళో అందరికన్నా ముందు ఆర్పింది మా అమ్మేనని తరవాత తెలిసింది.

యాభై నాలుగు. నేల అదరడం మొదలైంది. షిఫ్టు రూములో ప్లాస్టిక్ కుర్చీ దానంతట అదే గోడ వరకూ నడిచింది. బల్బులు తెల్లగా మండి ఒకటి పేలింది. నేను మైకు తీసుకుని బరువు పడిపోతోందని, ఎవరికి తోచింది వాళ్ళు వేయాలని చెప్పాను. రెండోసారీ చెప్పాను. రామినాయుడి దండుగ కూడా గుర్తుచేశాను. చావింటికి పోతున్నవాళ్ళకు ఇస్త్రీ పెట్టె భయం ఏముంటుంది. యాభై ఐదు.

కిటికీలోంచి కిందికి చూశాను. దాలి మావ దిమ్మ దగ్గర మోకు ముడి వేస్తున్నాడు. ఆయన ఏ పనీ అంత శ్రద్ధగా చెయ్యడం నేను ఎప్పుడూ చూడలేదు. వద్దని అరిచాను. హోరులో వినబడలేదో, వినదల్చుకోలేదో.

యాభై ఆరు. నేను ముల్లు వైపే చూస్తూ నిలబడ్డాను. సూత్తే బిడ్డ రాదే గుంటా. ఈ ముల్లు ఎప్పుడైనా తనంతట తాను కిందికి దిగిందా అని ఆలోచించాను. దిగింది. ఎక్కడో పురుడు జరుగుతున్నప్పుడు దిగింది. ఆమె గడపలో అడుగుపెట్టగానే దిగింది.

మైకు మళ్ళీ తీసుకున్నాను. బరువు మాట ఎత్తలేదు.

"నీళ్ళు కాగబెట్టండి. పారి మామ్మకి తానానికి నీళ్ళు కాగబెట్టండి. ఆమె సేతిలో పడ్డోళ్ళందరూ ఆమె బిడ్డలే. తలో సెంబూ పొయ్యాల. పొయ్యిలు ఈదిలోకి తెండి. ఎన్ని గిన్నెలుంటే అన్ని."

యాభై ఆరున్నర. యాభై ఏడు. అక్కడ కాసేపు వణికింది. తరవాత ఏం జరిగిందో చెప్పడానికి నేను చూసింది ముల్లొక్కటే. అది వెనక్కి తిరిగింది.

యాభై ఏడు నుంచి యాభై ఐదుకు కిందపడినట్టు దిగింది. మళ్ళీ ఆగి, ఊరు ఊరుగా మెట్లు దిగినట్టు దిగింది. చివరికి యాభై కిందికి కూడా పోతుంటే మంచు మిల్లు ఆపించాల్సి వచ్చింది. మావ మోకు విప్పి చుట్ట చుట్టుకుంటూ పైకి వచ్చాడు. కుర్చీని గోడ దగ్గర నుంచి లాగి కూర్చున్నాడు. నేల అదరడం అప్పటికే ఆగింది.

శనివారం. ముల్లు యాభై.

నిన్నటి సంగతులు విన్నవి విన్నట్టు రాస్తున్నాను.

మైకులో మాట వినగానే ముందు కదిలింది ఆడవాళ్ళట. నీళ్ళు కాగబెట్టమంటే ఎవరికి, ఎందుకని అడిగే అలవాటు ఐదూళ్ళలో ఎవరికీ లేదు. కాయిల్ పొయ్యిలు కిటికీల్లోంచి వైర్లతో సహా వీధిలోకి దింపారు. ఇంటి పొయ్యి కాదు అనిపించడానికి ఒక్కొక్క పొయ్యి కింద మూడు రాళ్ళు పెట్టారు. రూలు రూలే. గుండిగలు, డేగిసాలు, పెళ్ళి వంటల గంగాళాలు, ఆఖరికి కుడితి తొట్టి కూడా తోమి పెట్టారు.

కాగిన నీళ్ళు కావిళ్ళ మీద, బళ్ళ మీద గెడ్డవలసకు చేరాయి. మెట్టవలస నీళ్ళు ఘాట్ దారిలో సగం ఒలికాయి, సగం చేరాయి. పారి మామ్మను వీధిలో బల్ల మీద పడుకోబెట్టి తలో చెంబూ పోశారు. వరస ఏటి ఒడ్డు దాకా ఉందట. కాసేపటికి పెద్దకోడలు ఏడుపు ఆపి, "సల్లార్సి పొయ్యండర్రా, ముసల్ది ఉడికిపోద్ది" అని అరిచింది. బతికుండగా అత్త గురించి ఆమె అంత పట్టించుకోవడం ఎవరూ చూడలేదు.

వరస తరగకపోవడం వల్ల శవం లేవడం ఆలస్యమైంది. లేచేదాకా ఇళ్ళల్లో పొయ్యి వెలగకూడదు. అందుకని వీధి పొయ్యిల మీద నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. పొయ్యడానికి శవం ఒక్కటే ఉంది కాబట్టి మిగిలిన నీళ్ళు మనుషులే పోసుకున్నారు. సాయంత్రానికి అందరి స్నానాలూ రెండేసిసార్లు అయ్యాయి. పశువులకు కూడా పోశారు. ఐదూళ్ళూ అంత శుభ్రంగా ఎప్పుడూ లేవు.

ఎవరూ ఏమీ తినలేదు. చంటిపిల్లలకు తప్ప ఎవరికీ ఏమీ పెట్టలేదు. పవర్ హౌసులో మావ, నేను కూడా తినలేదు. నా క్యారేజీలో ముందే వండిన అన్నం ఉంది. మూత తియ్యలేదు.

సోమవారం. ముల్లు యాభై.

పారి మామ్మ కొడుకులిద్దరూ వచ్చారు. ఎంత ఎక్కిందని అడిగారు.

యాభై ఏడు అని చెప్పాను. ఇప్పటిదాకా ఎవరికీ అంత ఎక్కలేదు. పెద్దవాడు తృప్తిపడ్డాడు. చిన్నవాడికి అనుమానం వచ్చింది. తరవాత నీళ్ళు కాచాక మళ్ళీ యాభైకి వచ్చింది కదా, జనం యాభై అనుకుంటే మా అమ్మ పరువేం కావాలన్నాడు. నిజం చెప్పాలంటే యాభై కిందికి కూడా పోయిందన్నాను. ఇద్దరూ దెబ్బలాడుకున్నారు. మావ తగువు తీర్చాడు. ఎవరు పోయినా ముల్లు ఎక్కుతుంది, పోయాక ముల్లును దించినది ఈమె ఒక్కతే అన్నాడు. పుస్తకంలో రెండూ రాయమన్నాడు. రెండూ రాశాను.

ఐదూళ్ళ పంచాయతీ కొత్త కట్టడి చేసింది. ఇకమీదట ఎవరు పోయినా వీధిలో మూడు రాళ్ళ మీద కాయిల్ పొయ్యి పెట్టి నీళ్ళు కాచాలి. ఇది తరతరాలుగా ఉన్న ఆచారమని అదే ముసలావిడ చెప్పింది.

గురువారం. ముల్లు యాభై.

బీరువా సంప్రదించమంది. గానుగలు ఆపారు. మంచు మళ్ళీ అమ్ముడవుతోంది.

రామినాయుడు వచ్చాడు. ఆయనది కట్ట వెనక నీళ్ళ అంచున ఉన్న ఊరు. మొదటి వానకే అరుగు మీది ప్లాస్టిక్ కుర్చీ కొట్టుకుపోయిందట, ఇక్కడ ఉందని ఎవరో చెప్పారట. కుర్చీలో దాలి మావ కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

నాయుడు కాసేపు దగ్గాడు. ముల్లు వైపు చూశాడు. ముల్లును ఎప్పుడూ చూడనట్టే చూశాడు. తరవాత గొంతు తగ్గించి అడిగాడు.

"దాలీ, మరి నాకైతే ఎంతెక్కుద్దంటావు?"

మావ గోళ్ళలో నూనె మురికి తీసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ముందు నువ్వెల్లు బావూ. సూసి సెప్తాం."

నాయుడు ముఖం చిన్నబోయింది. పుట్టినప్పుడు ఏడవనివాడు ఇప్పుడు ఏడుస్తాడేమోనని భయం వేసింది. నేను కల్పించుకున్నాను.

"యాభై రెండుకి తక్కువుండదు నాయుడు బావూ."

"రెండున్నర కాదేటి? మునసబుకి రెండున్నర కదా."

"రెండున్నరే," అన్నాను.

తలపాగా సర్దుకుని వెళ్ళిపోయాడు. కుర్చీ మాట ఎత్తలేదు.